పిలిచే ఈల, ఆపే ఈల

ఈ జనవరిలో ఒక పొద్దున్న మా మేనకోడలు ఫోన్ చేసింది. బయట పొగమంచు దట్టంగా ఉంది. ఎదురింటి గేటు కూడా కనిపించడం లేదు. నేను అప్పుడే టీకి నీళ్ళు పెట్టాను.

“అత్తా, పాపా ఘర్ మేఁ నహీఁ హైఁ, ఇంట్లో లేరు,” అంది. ఏడుపు ఆపుకుంటోందని గొంతులోనే తెలుస్తోంది. “వెనక తలుపు తీసి ఉంది. చెప్పులు ఇక్కడే ఉన్నాయి. నువ్వు జల్దీ రా.”

పాపా అంటే మా అన్నయ్య. బతుకంతా గూడ్సు బళ్ళు నడిపాడు. బొగ్గు గనుల లైన్లో ఏ మలుపు దగ్గర ఏ సిగ్నలుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. రిటైరైన కొన్నేళ్ళకి మరపు మొదలైంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోవడంతో మొదలై, మనుషుల దాకా వచ్చింది. ఇప్పుడు తన పేరు కూడా తనది కాదనుకుంటాడు. పేరు పెట్టి పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారని పక్కకి తిరిగి చూస్తాడు. నన్ను మాత్రం ఒక్కోసారి గుర్తుపడతాడు. గుర్తుపట్టిన రోజున నేను ఆయన కళ్ళకి పదేళ్ళ పిల్లని. జడ వేసుకోకుండా ఊరంతా తిరుగుతున్నావేటని కోప్పడతాడు.

స్టవ్ ఆపి, శాలువా చుట్టుకుని బయలుదేరాను. మా ఇంటికీ తార్‌బహార్ పేటలో వాళ్ళింటికీ మధ్య రెండు సందులే దూరం. ఆ రెండు సందుల్లోనూ గోడలు తడుముకుంటూ నడిచాను. వదిన గేటు దగ్గరే నిలబడి ఉంది. నుదుటి మీద బొట్టు లేదు, జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

“పాలు పొంగుతున్నాయని ఇటు తిరిగేనమ్మా. మళ్ళీ అటు చూసేసరికి మంచం కాళీ. ఏటి చెయ్యనిప్పుడు? ఈ మంచులో ఎక్కడికని ఎల్లిపోయేరు?” అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

ముగ్గురం వెతకడం మొదలుపెట్టాం. మేనకోడలు స్కూటరు మీద స్టేషను ముందు వరకు వెళ్ళి వచ్చింది. వదిన గుడి వైపు వెళ్ళింది. నేను మూల మీది టీ కొట్టతన్ని అడిగాను. అతను కుంపట్లో బొగ్గులు ఎగదోస్తూ, “బాబూజీ? హాఁ, దేఖా థా. ఉధర్ దీవార్ కీ తరఫ్ జా రహే థే. నంగే పైర్,” అన్నాడు.

గోడ వైపు, వట్టి కాళ్ళతో. ఆ గోడ అవతల రైల్వే యార్డు.

గోడలో ఒకచోట ఇటుకలు పడిపోయి, మనిషి వంగి దూరేంత సందుంది. వాళ్ళిద్దర్నీ పిలుచుకుని అక్కడికి చేరుకునేసరికి రైల్వే పోలీసు కానిస్టేబులొకడు అడ్డంగా చెయ్యి చాపాడు. పాతికేళ్ళ కుర్రాడు, ముఖానికి మఫ్లరు. లోపలికి వెళ్ళకూడదన్నాడు. మంచు వల్ల డ్రైవర్లకే లైను సరిగ్గా కనిపించడం లేదని, ఆఫీసుకి కబురు పంపుతానని అన్నాడు. వాకీటాకీలో ఏదో చెప్పాడు. అటు నుంచి గరగరమని శబ్దం తప్ప జవాబు రాలేదు. మేనకోడలు “పాపా! పాపా!” అని అరిచింది. వదిన ఆయన పేరు పెట్టి పిలిచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి. రెండు పిలుపులూ మంచులో కలిసిపోయాయి.

ఆ పేరుకి ఆయన పలకడని మా ముగ్గురికీ తెలుసు. ఆయన దేనికి పలుకుతాడో నాకు ఒక్కదానికే తెలుసు. అదేమిటో చెప్పాలంటే, చాలా కాలం కిందటి ఒక వేసవి గురించి చెప్పాలి.

మా నాన్న కూడా డ్రైవరే. అప్పటివి బొగ్గు ఇంజన్లు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి రైల్వేలో చేరి, నాయనమ్మని వెంటబెట్టుకుని హిందీ మాట్లాడే ఈ రైల్వే ఊరికి వచ్చాడు. మాది ఎర్ర ఇటుకల క్వార్టరు. రెండు గదులు, వెనక దొడ్డి, దొడ్డిలో ఒక జామచెట్టు, దాని వెనక గోడ. గోడ అవతల సందు, సందు దాటితే యార్డు. అమ్మ ఏం వండినా అందులో కాస్త బొగ్గుపొగ వాసన ఉండేది. ఆరేసిన బట్టలు దులిపితే నల్లటి నలుసులు రాలేవి. ఎండలు ముదిరితే ఇప్పపూల వాసన వచ్చేది. బెల్లం పులిసినట్టు ఉండే ఆ వాసనకి మధ్యాహ్నాలు మత్తుగా నిద్రపట్టేది.

నాయనమ్మ ఊరి నుంచి ఎండుచేపలు, నెత్తళ్ళు, తెప్పించుకునేది. అవి వేయించిన రోజున పక్క క్వార్టరులోని ఆవిడ ధడాలున కిటికీలు మూసుకునేది. ఆవిడది అలహాబాదు వైపు, పచ్చి శాకాహారి. “మూసుకోనీ. నెత్తళ్ళేసిన చింతపులుసు ఒక్కపాలి తింటే ఆ కిటికీలు మళ్ళీ ముయ్యదు,” అని నాయనమ్మ నవ్వేది. మళ్ళీ ఆ ఇద్దరే సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఒకరి భాష ఒకరికి రాకుండానే, కోడళ్ళ గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవారు.

నాన్న డ్యూటీకి వేళాపాళా ఉండేది కాదు. ఎప్పుడు వెళ్తాడో, ఎప్పుడు వస్తాడో అమ్మకే తెలిసేది కాదు. వచ్చేటప్పుడు ముఖమంతా మసి, కళ్ళ తెలుపు మాత్రం కనిపించేది. కాగిన నీళ్ళు పోసుకుని, మాట్లాడకుండా తిని పడుకునేవాడు. ఆయన నిద్రపోతుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. ఇంకొకటి, అన్నయ్య యార్డులోకి అడుగు పెట్టకూడదు. నాన్నతో పనిచేసిన ఒకాయనకి యార్డులోనే రెండు వ్యాగన్ల మధ్య కాలు పోయింది. ఆయనని మోసుకొచ్చిన వాళ్ళలో నాన్న ఒకడు. ఆ సంగతి నాన్న ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. అమ్మ చెప్పింది. తలుపు వెనక మేకుకి నాన్న తోలు బెల్టు వేలాడుతుండేది. యార్డు మాట వస్తే ఆయన దాని వైపు ఒక్క చూపు చూసేవాడు, అంతే.

అన్నయ్యకి మాత్రం యార్డే లోకం. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఇంట్లో అన్నం తింటూనే, దూరంగా కూత వినిపిస్తే అది ఏ ఇంజనో చెప్పేవాడు. నాన్న డ్యూటీకి వెళ్ళిన మరుక్షణం గోడ దూకేవాడు. ఇంజన్లకి నీళ్ళు పట్టేచోట కూర్చుని, బళ్ళు కలపడం, విడదీయడం చూస్తూ పూట పూటంతా గడిపేవాడు.

నాకు ఆ వేసవిలో పట్టుకున్న పిచ్చి వేరు. మాకు పాలు పోసే రౌతిన్, ఇక్కడి గొల్లామె, ఒకతె ఉండేది. చేతులకి లావుపాటి వెండి కడియాలు, మోచేతుల దాకా పచ్చబొట్లు. ఆమె ఆవులు రైల్వే మైదానంలో మేసేవి. సాయంత్రం మైదానం చివర నిలబడి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఒక్క ఈల వేసేది. చెల్లాచెదురుగా ఉన్న ఆవులన్నీ ఒకేసారి తలలెత్తేవి. అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. నోట్లోంచి వచ్చే ఒక్క చప్పుడుతో అంత దూరంలో ఉన్న తలలు లేవడమేమిటి!

మర్నాడు పాలచెంబు పట్టుకుని ఆమెనే అడిగాను. ఆమె పకపకా నవ్వింది. పాలు కొలిచి పోసి, తడి వేళ్ళు కొంగుకి తుడుచుకుని, “అంగ్రీ ల మోడ్, నోనీ. జీభ్ ల పాఛూ కర్,” అంది. వేలు మడుచు పిల్లా, నాలుక వెనక్కి నెట్టు అని. ఆమె నేర్పింది అంతే. మిగతాది నా తంటా.

దొడ్లో బొగ్గులు వేసుకునే చిన్న గది ఉండేది. అందులోకి వెళ్ళి తలుపేసుకుని ఊదేదాన్ని. గాలి వచ్చేది, ఉమ్మి వచ్చేది, ఈల రాలేదు. కళ్ళు తిరిగి బొగ్గుల మీదే కూలబడేదాన్ని. పెదాలు పగిలి, పులుసు తగిలితే చురుక్కుమనేది. వేళ్ళకి ఎప్పుడూ మసే కాబట్టి మూతి చుట్టూ నల్లగా ఉండేది.

“ఏటే ఆ మూతి? బొగ్గులు తింటన్నావేటి?” అని నాయనమ్మ ఒకరోజు నిలదీసింది. అన్నయ్య చాడీ చెప్పేశాడు, “ఈల నేర్చుకుంటంది,” అని.

నాయనమ్మ గుండెలు బాదుకుంది. “ఆడగుంట ఈలెయ్యడమేటి! సందేల ఈలేస్తే పావులొస్తాయే! రేపు అత్తోరింటికి ఎల్లి అక్కడేస్తావేటి? ఏటికి పనికొస్తాదే నీకది?”

ఎందుకు పనికొస్తుందో నాకూ తెలియదు. పనికి రావాలన్న ఆలోచనే లేదు. ఆ చప్పుడు నా నోట్లోంచి రావాలి, అంతే. మర్నాడు మళ్ళీ బొగ్గుల గదిలోకి వెళ్ళాను.

వచ్చింది ఒక మిట్టమధ్యాహ్నం. నాకే తెలియకుండా నాలుక ఎక్కడో సరిగ్గా కుదిరింది. గది చెవులు చిల్లులు పడేలా మోగింది. దొడ్లో కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ చెదిరిపోయాయి. అరుగు మీద పడుకున్న నాయనమ్మ, “ఎవుడ్రా అది!” అంటూ లేచి కూర్చుంది. నేను తలుపు సందులోంచి చూస్తూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.

నా ఈలకి ఒక పని దొరకడానికి ఆట్టే రోజులు పట్టలేదు. ఒకనాడు నాన్న అనుకోకుండా తొందరగా ఇంటికి వచ్చేశాడు. అన్నయ్య యార్డులో ఉన్నాడు. నాన్న కాళ్ళు కడుక్కుంటూ, “ఏడీ ఆడు?” అన్నాడు. అమ్మ ముఖం పాలిపోయింది. “లెక్కలు చెప్పించుకోడానికి ఎల్లేడు,” అంది. నేను జామచెట్టు వెనక్కి పరిగెత్తి, ఈల వేశాను. రెండు పొట్టివి, ఆ వెంటనే ఒక దీర్ఘం. ఎందుకు అలా వేశానో తెలియదు, అలా వచ్చింది. అన్నయ్యకి అది నేనేనని తెలిసింది. నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకునే లోపల వీధి గుమ్మంలోంచి వచ్చి, చేతిలో పుస్తకం లేకపోయినా, లెక్కలు అయిపోయాయన్నాడు.

అప్పటి నుంచి అది మా ఇంట్లో ఏర్పాటైపోయింది. ఎవరూ నోటితో ఒప్పుకోలేదు. నాన్న సైకిలు సందు మొదట్లో కనిపించగానే అమ్మ నా వైపు చూసి, “జామకాయలున్నాయేమో చూసి రా తల్లీ,” అనేది. చెట్టుకి పిందె కూడా లేని రోజుల్లో. నాయనమ్మ కూడా పాముల మాట ఎత్తడం మానేసింది. మనవడి వీపు మీద బెల్టు పడటం కంటే పాములే నయమనుకుందేమో.

బడులు తెరిచే ముందు, వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం అది జరిగింది. ఆరోజు నేను జామచెట్టు కొమ్మ మీద ఉన్నాను. అక్కడి నుంచి గోడ అవతల యార్డు కనిపించేది. అన్నయ్య దూరంగా నీళ్ళ పైపు దగ్గర ఉన్నాడు. మాకూ వాడికీ మధ్య ఒక పొడుగాటి గూడ్సు నిలబడి ఉంది, ఇంజను లేకుండా. సందు మొదట్లో నాన్న సైకిలు కనిపించింది. నేను ఈల వేశాను.

వాడు లేచాడు. ఎప్పుడూ బండి చివరి నుంచి చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఆరోజు ఆలస్యమైందనుకున్నాడో ఏమో, నేరుగా వచ్చి ఒక వ్యాగన్ కిందికి వంగాడు. సరిగ్గా అప్పుడే బండి ఆ చివర ఇంజను వచ్చి తగిలింది. ఆ కుదుపు ఒక వ్యాగన్ నుంచి ఇంకో వ్యాగన్‌కి, ధన్ ధన్‌మని మోగుకుంటూ మా వైపు పరిగెత్తుకొస్తోంది. నాకు వాడి తెల్ల చొక్కా వీపు మాత్రం చక్రాల మధ్య కనిపిస్తోంది.

అరిచినా ఆ మోతలో వాడికి వినపడదు. వేళ్ళు నోట్లోకి వెళ్ళాయి గానీ, ఏం వేయాలి? నాకు వచ్చింది ఒకటే ఈల. దానికి అర్థం, రమ్మని.

అప్పుడు వినిపించింది ఇంకో ఈల. తెగకుండా, వణకకుండా, కత్తిలా సాగిన ఒకే ఒక్క ఈల. కింద సందులో నాన్న. సైకిలు నేల మీద పడి ఉంది. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా ఊదుతున్నాడు. నాన్నకి ఈల వచ్చని అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. యార్డులో జెండా పట్టుకున్నతను తల తిప్పి, ఇంజను ఆపమని జెండా పైకెత్తి ఊపాడు. వ్యాగన్లు కదిలాయి. కొంచెం దూరం దొర్లాయి. ఆగాయి.

అన్నయ్య పట్టాల మధ్య బోర్లా పడుకుని ఉన్నాడు. పాక్కుంటూ ఇటు బయటికి వచ్చాడు. మోకాలు చీరుకుపోయింది, అరచేతులు నల్లగా ఉన్నాయి, ముఖంలో రక్తం లేదు. నాన్న గోడ దూకి వెళ్ళి, వాణ్ణి ఎత్తుకుని వచ్చాడు. పదమూడేళ్ళ వాణ్ణి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు.

ఆ సాయంత్రం మేమంతా బెల్టు వైపే చూస్తూ కూర్చున్నాం. నాన్న దాని జోలికి పోలేదు. దొడ్డి మెట్టు మీద కూర్చున్నాడు. అమ్మ తెచ్చిన కంచం అలాగే ఉంది. కాసేపటికి నన్ను పిలిచాడు. వెళ్ళి మెట్టు కింద నిలబడ్డాను.

“ఇన్నాళ్ళూ ఏస్తన్నది నువ్వేనా?” అన్నాడు. తలూపాను. కొట్టకముందే ఏడుపొచ్చేసింది.

“పిలవడం ఒక్కటే ఒచ్చు నీకు. ఆపడం రాదు. అది రాకపోతే ఇది ఎయ్యకూడదు. ఇలగ రా.”

వేళ్ళు ఎలా పెట్టాలో, ఊపిరి కడుపులోంచి ఎలా తియ్యాలో, మధ్యలో తెగకుండా ఎలా నిలపాలో అక్కడే చూపించాడు. నాయనమ్మ గుమ్మంలోంచి, “ఆడగుంటకి నువ్వే నేర్పుతున్నావేట్రా!” అంటే, “నువ్వూరుకో అమ్మా,” అన్నాడు. అన్నయ్య వైపు తిరిగి చెప్పాడు: “ఈ ఈల ఇనపడితే ఎక్కడున్నావో అక్కడే కొయ్యలాగ నిలబడిపోవాలి. ముందుకీ లేదు, ఎనక్కీ లేదు. మళ్ళీ చెల్లి పిలిస్తేనే కదలాలి. తెలిసిందేటి?”

ఆ తరువాత డ్యూటీ లేని పూటల్లో మా ఇద్దర్నీ మైదానానికి తీసుకెళ్ళేవాడు. అన్నయ్య పరిగెత్తాలి. నేను పొడుగు ఈల వేయాలి. వాడు ఆగాలి. ఒక్క అడుగు ఎక్కువ పడితే మళ్ళీ మొదటి నుంచి. రౌతిన్ ఆవుల్ని తోలుకుపోతూ ఆగి చూసి నవ్వేది. మేము నవ్వేవాళ్ళం కాదు. నాన్న ముఖం చూస్తే నవ్వు వచ్చేది కాదు. అన్నయ్య వీపు చెమటతో తడిసి, మోకాళ్ళు వణికే దాకా అదే పని. చివరికి వాడు వినకముందే ఆగుతున్నాడా అనిపించేది.

తరువాత బడి, పెళ్ళి, పిల్లలు. ఈల మాత్రం నన్ను వదల్లేదు. వంట చేస్తూ పాటలు ఈలలో పాడుకునేదాన్ని. మా తెలుగువాళ్ళ సంఘం ఉగాది సభలో ఒకసారి పట్టుచీర కట్టుకుని స్టేజీ మీద ఈలపాట పాడితే, మా అత్తగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. పళ్ళు ఊడి సెట్టు పెట్టించుకున్నాక ఇక పోయిందనుకున్నాను. సెట్టు తీసేసి, పెదాలు చిగుళ్ళ మీదికి మడిచి, మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చని ఇంట్లో అడిగితే, నవ్వేసి మళ్ళీ ఊదేదాన్ని.

ఇదంతా నాకు ఆ గోడ సందు దగ్గర వరసగా గుర్తొచ్చిందని చెప్పను. అక్కడ నాకు గుర్తొచ్చింది ఒక్కటే. పిలిస్తే వాడు నేరుగా వస్తాడు. మధ్యలో ఏముందో చూడడు.

పళ్ళ సెట్టు తీసి మేనకోడలి చేతిలో పెట్టాను. ఆ పిల్ల తెల్లబోయి చూసింది. వేళ్ళు చలికి కొయ్యబారిపోయాయి, నోరు ఎండిపోయింది. మొదటిసారి గాలే వచ్చింది. కానిస్టేబులు, “మాతాజీ, క్యా కర్ రహీ హైఁ?” అంటూ, ఏం చేస్తున్నానని అడిగాడు. నాలుక తడి చేసుకుని మళ్ళీ ఊదాను. వచ్చింది. రెండు పొట్టివి, ఒక దీర్ఘం.

ఏమీ లేదు. ఎక్కడో ఇనుము కిర్రుమంది. మళ్ళీ వేశాను. చెవులు రిక్కించాను. మంచులో ఏ చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియదు. మూడోసారి వేశాక కంకర మీద అడుగుల చప్పుడు వినిపించింది.

“పాపా!” అని మేనకోడలు ముందుకి దూకబోయింది. కానిస్టేబులు ఆపాడు. అప్పుడే అతని వాకీటాకీ పలికింది. అతను నా వైపు చూసిన చూపులోనే నాకర్థమైంది. మా ముందున్న లైను మీదికి బండి వస్తోంది.

హారన్ మోగింది. కుడి పక్కన మంచు పసుపుపచ్చగా మారింది. ఎడంగా, పట్టాల అవతల, ఎర్ర స్వెట్టరు కనిపించింది. అన్నయ్య తల వంచుకుని, చేతులు ముందుకి చాపుకుని, గబగబా వస్తున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి నడక కాదది. ఆలస్యమైపోయిన పిల్లాడి నడక.

నేను కడుపులోంచి ఊపిరి తీశాను. పొడుగు ఈల.

ఈ వయసులో నా ఊపిరి ఎంతసేపు ఉంటుంది? తెగిపోతుందేమోనని భయం. కళ్ళ ముందు మెరుపులు. తెగకుండా ఊదాను. ఎర్ర స్వెట్టరు ఆగిందో లేదో చూసేలోపు ఇంజను మా మధ్యకి వచ్చేసింది. ఆ వెనక బొగ్గు వ్యాగన్లు. ఒకదాని వెనక ఒకటి, ఎంతకీ తెగవు. వదిన నా భుజం మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. “చూడమ్మా, నువ్వు చూడు, నేను చూడలేను,” అంటోంది. నేను వ్యాగన్ల కింద సందుల్లోంచి కాళ్ళ కోసం వెతికాను. చక్రాలు, మంచు, చక్రాలు. ఏమీ కనిపించలేదు.

చివరి పెట్టె వెళ్ళిపోయింది.

అన్నయ్య పట్టాల అవతల నిలబడి ఉన్నాడు. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి, కొయ్యలాగ. చూపు నా వైపే.

కానిస్టేబులు అటూ ఇటూ చూసుకుని, పట్టాలు దాటి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. అన్నయ్య కదల్లేదు. “చలియే బాబూజీ,” అన్నా కదల్లేదు. నేను పిలిచే ఈల వేశాను. అప్పుడు అడుగు వేశాడు. ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని, ఒక్కో పట్టా దాటి, గోడ సందులోంచి వంగి వచ్చాడు. కాళ్ళ నిండా గీరుకుపోయిన గాట్లు. మేనకోడలు కింద కూర్చుని, తన శాలువాతో ఆ కాళ్ళు చుట్టింది. ఆయన ఆ పిల్లని చూడలేదు, వదినని చూడలేదు. నా దగ్గరికి వంగి, రొప్పుతూ, గుసగుసగా అడిగాడు:

“నాన్న ఒచ్చీసేడా?”

“ఒచ్చేడు,” అన్నాను. పళ్ళు లేక మాట సరిగ్గా రాలేదు. “నీకోసం అడిగేడు. లెక్కలకి ఎల్లేవని చెప్పింది అమ్మ. మళ్ళీ డ్యూటీకి ఎల్లిపోయేడు.”

“అచ్ఛా,” అన్నాడు. భుజాలు కిందికి దిగాయి. “పద మరి. ఆకలేస్తంది.”

ఇది జరిగిన మూడోనాడు వదిన మా ఇంటికి వచ్చింది. వెనక తలుపుకి కొత్త గడియ పెట్టించామని చెప్పింది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, టీ తాగి, లేవబోయి మళ్ళీ కూర్చుంది. నా ఈలంటే మొదటి నుంచీ మొహం తిప్పుకునే మనిషి ఆవిడ. ఉగాది సభలో కూడా మా అత్తగారి పక్కనే తల దించుకుని కూర్చుంది.

“అస్తమానూ నువ్వుండవు కదా,” అంది గోడ వైపు చూస్తూ. “ఇంట్లో ఉండీదాన్ని నేను. నాకూ నేర్పుతావేటి?”

ఇప్పుడు రోజూ సాయంత్రం, ఆయన టీ తాగి కునుకు తీసేవేళ, ఇద్దరం వాళ్ళ దొడ్లో పీటలేసుకుని కూర్చుంటాం. వదిన వేళ్ళు మడిచి, కళ్ళు గట్టిగా మూసుకుని ఊదుతుంది. గాలి వస్తుంది, ఉమ్మి వస్తుంది. కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఊదుతుంది. ఆయాసం వస్తే ఆగి, “ఎన్నాళ్ళు పట్టింది నీకు?” అని అడుగుతుంది. ఒక వేసవి అని చెప్పలేక, త్వరగానే వచ్చేసిందంటాను. ఆవిడకి అరవై ఎనిమిది. ఆయన మరపు నెలనెలకీ పెరుగుతోంది. ఆ ఈలలు కూడా ఏదో ఒకరోజు ఆయనలోంచి చెరిగిపోవచ్చు. అది మా ఇద్దరికీ తెలుసు, పైకి అనుకోం.

ఆవిడ ఊదుతుంటే పక్కన కూర్చుని, ఆ పదేళ్ళ పిల్లని తలుచుకుంటాను. ఎవరూ చెప్పకుండా, దేనికీ అక్కర్లేకుండా, తిట్లు తింటూ, పగిలిన పెదాలతో ఊదిన పిల్ల. అవసరం వచ్చాక మొదలుపెడితే ఎంత కష్టమో ఇప్పుడు నా కళ్ళ ముందే కనిపిస్తోంది. అవసరమన్న మాటే తెలియని వయసులో, ఇష్టమని ఒక్కటే కారణంతో తను ఆ పని చేసిపెట్టింది. నేనెవరికైనా చేతులెత్తి దణ్ణం పెట్టాలంటే ముందు ఆ పిల్లకే పెడతాను.

నిన్న సాయంత్రం వదిన నోట్లోంచి సన్నటి చప్పుడు ఒకటి వచ్చింది. ఈల కాదు. ఈలకి ముందు వచ్చేది. ఆవిడ కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

“మళ్ళీ ఊదు వదినా,” అన్నాను. “ఆగకు.”